రెండవ మెట్టు మీద హైదరాబాదు

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో బంతి పట్టిన కుర్రవాడు రంజీ ట్రోఫీ ఆడాలని కలగంటే, ఆ కలలో కనిపించేది హైదరాబాదు జట్టే. జయసింహ, అజహరుద్దీన్, లక్ష్మణ్ ఆడిన జట్టు. 1937-38లోనూ, 1986-87లోనూ విజేత. అటువంటి జట్టు 2022-23లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేక తన గ్రూపులో అట్టడుగున నిలిచి, రెండవ శ్రేణి అయిన ప్లేట్ విభాగానికి జారిపోయింది.

2023-24లో అక్కడి ప్రత్యర్థులు మేఘాలయ, మిజోరం, నాగాలాండ్, సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్. అన్నీ 2018-19లో రంజీలో అడుగుపెట్టిన జట్లే. 2024 జనవరిలో అరుణాచల్‌పై తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లోనే మూడు వందలు దాటి, 26 సిక్సర్లతో 366 పరుగులు చేశాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్ చరిత్రలో అంత వేగంగా త్రిశతకం అంతకుముందు ఎవరూ చేయలేదు.

బలహీనుల మీదనా ఈ ప్రతాపం అని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఫిబ్రవరిలో ఉప్పల్‌లో జరిగిన ఫైనల్లో మేఘాలయ సులువుగా లొంగలేదు. తిలక్ వర్మ నాయకత్వంలో హైదరాబాదు 5 వికెట్ల తేడాతో గెలిచింది. రెండు జట్లూ పై శ్రేణికి చేరాయి.

రెండుసార్లు రంజీ గెలిచిన జట్టు ప్లేట్ కప్పును చూసి గర్వపడనక్కరలేదు. చేజార్చుకున్న చోటును ఆడి సంపాదించుకున్నందుకు మాత్రం తృప్తిపడవచ్చు. మిత్రులారా, మీరేమంటారు?