లోపలి సాక్షి

పాపం గురించి ఇన్ని పుటలు నింపిన హెబ్రీ బైబిలులో మనస్సాక్షికి విడిగా ఒక మాటే లేదు. ఆ పని హృదయం చేసింది. ఏన్గెదీ గుహలో దావీదు తనను వేటాడుతున్న సౌలు పైవస్త్రపు చెంగు మాత్రమే కోశాడు, ప్రాణం తియ్యలేదు. అయినా ఆ తర్వాత అతని గుండె అతన్ని పొడిచింది. ఈ పోటుకు ఒక పేరు దొరికింది గ్రీకు భాషలో: సునైడెసిస్, అంటే కలిసి ఎరిగి ఉండడం. చేసిన పనిని మనతోపాటు మనలోనే మరొకరు చూశారన్న భావం అందులో ఉంది. సువార్తల్లో దాదాపు కనబడని ఈ మాటను క్రైస్తవ ఆలోచనలో నాటినవాడు అపొస్తలుడైన పౌలు. తెలుగు బైబిలు దాన్ని మనస్సాక్షి అంది, అందులో సాక్షి అన్న సగం చాలా విలువైనది. నా మనస్సాక్షి ఒప్పుకుంది, ఇక ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు అని ఇవాళ తేలిగ్గా అనేస్తాం. ఆ మాట నడిచొచ్చిన దారి చూస్తే లెక్క వేరుగా తేలుతుంది. మనిషిని దోషిగా నిలబెట్టే బలం క్రైస్తవం ఈ సాక్షికి ఇచ్చింది కానీ, నిర్దోషిగా విడిచిపెట్టే అధికారం మాత్రం ఇవ్వలేదు.

మొదటి పెద్ద విచారణ మాంసం దగ్గర జరిగింది. క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు సంఘానికి రాసిన లేఖలో పౌలు తేల్చవలసిన తగవు ఇది: గుళ్లో బలి ఇచ్చిన పశువు మాంసం బజారుకూ వస్తుంది, విందు విస్తళ్లలోకీ వస్తుంది, తినవచ్చా? విగ్రహంలో ఏమీ లేదు కాబట్టి తింటే తప్పేమిటని తెలివైనవాళ్లు వాదించారు. ఆ వాదం సరైనదేనని పౌలు ఒప్పుకున్నాడు. బజారులో అమ్మేది ఆరా తీయకుండా తినమన్నాడు. కానీ పక్కన కూర్చున్నవాడు ఇది బలి ఇచ్చినదని చెబితే చెయ్యి వెనక్కి తీసుకోమన్నాడు, అదీ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. పాత భయం వదలని ఒక విశ్వాసి మీ ధైర్యం చూసి, లోపల తప్పనుకుంటూనే తింటే, మాంసంలో లేని పాపం అతని తినడంలో పుడుతుంది. పండగనాడు పొరుగింటి ప్రసాదం గుమ్మంలోకి వచ్చినప్పుడు తెలుగు క్రైస్తవులకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఈ తగవే. అదే లేఖలో పౌలు తన గురించి మరో మాటా అన్నాడు: నాకు నాలో ఏ దోషమూ కనబడకపోయినా, అంతమాత్రాన నేను నిర్దోషిని అయిపోను, తీర్పు తీర్చేవాడు ప్రభువు.

మధ్యయుగానికి ఈ ఆలోచన బహుశా ఒక రాతపొరపాటు మీదుగా చేరడం తమాషా. అయిదో శతాబ్దపు తొలి ఏళ్లలో బైబిలు పండితుడు జెరోము యెహెజ్కేలు గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ, ప్రవక్త చూసిన నాలుగు ముఖాల్లో గద్ద ముఖాన్ని మనస్సాక్షికి గుర్తుగా చెప్పాడు. తమ్ముణ్ణి చంపిన కయీనులో సైతం ఆరిపోని నిప్పురవ్వ అది. అయితే చేతిరాత ప్రతుల్లో సునైడెసిస్‌కు బదులు సింటెరెసిస్ అన్న మాట నిలిచింది. నకలు రాసినవాళ్ల పొరపాటే కావచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. పన్నెండో శతాబ్దం తర్వాతి పండితులు ఆ రెండు మాటలకూ రెండు పనులు అప్పగించారు: మంచి చెయ్యాలి, చెడు మానాలి అన్న మూల ఎరుక సింటెరెసిస్, దాన్ని ఎదుట ఉన్న పనికి అన్వయించే తీర్పు మనస్సాక్షి. మొదటిది పొరబడదు, రెండోది పొరబడగలదు. మనస్సాక్షి కూడా పొరబడుతుందని చెప్పడానికి అలా చోటు దొరికింది.

మరి పొరబడిన సాక్షి మాట వినాలా? పాపం చేతిలో లేదు, మనసు ఇచ్చే సమ్మతిలో ఉందన్న పన్నెండో శతాబ్దపు పండితుడు పీటర్ అబెలార్డ్ ఈ ప్రశ్నను చివరంటా లాగాడు. క్రీస్తును సిలువ వేసినవాళ్లు అదే ధర్మమని నమ్మి ఉంటే, ఆ నమ్మకానికి విరుద్ధంగా ఆయన్ను విడిచిపెట్టడమే వాళ్లకు పెద్ద తప్పయ్యేదన్నాడు. 1141 ప్రాంతంలో సాన్స్‌లో కూడిన చర్చి సభ అతని బోధల్ని ఖండించింది. శతాబ్దం తర్వాత థామస్ అక్వైనస్ అందులో సగం నిలబెట్టి, సగం సవరించాడు. క్రీస్తును నమ్మడం మంచిదే అయినా, అది చెడని ఒకరి బుద్ధికి తోస్తే, ఆ తోపుకు ఎదురెళ్లి నమ్మడం అతనికి పాపమే. కానీ తోచినట్టు నడిచినంత మాత్రాన ప్రతివాడూ బయటపడడు. పరస్త్రీని తన భార్యే అనుకుని పొరబడ్డవాడికి మన్నింపు ఉంది. పరస్త్రీతో కూడడం తన విధి అనుకున్నవాడికి లేదు, ఎందుకంటే అతను తెలుసుకోవలసిన ధర్మాన్నే తెలుసుకోలేదు.

ఇది మనిషిని అడకత్తెరలో పోకచెక్కను చెయ్యడం కాదా, విన్నా పాపం వినకపోయినా పాపమైతే దారేది అని అడగవచ్చు. అక్వైనస్ జవాబు సూటిగా ఉంది: ఆ పొరపాటును వదిలించుకోవచ్చు కదా. తప్పు ఆ క్షణంలో మొదలవలేదు, తెలుసుకోకుండా బద్ధకించిన రోజునే మొదలైంది. అయితే అందరికీ సాక్షి బదులు రూలు పుస్తకం ఇస్తే సరిపోదా అన్నది రెండో అభ్యంతరం. ఆ ప్రయోగమూ జరిగింది. 1215లో నాలుగో లాటెరన్ సభ ఏడాదికొకసారైనా పాపసంకీర్తనం తప్పనిసరి చేశాక, దాన్ని వినే గురువుల కోసం సందేహాలు తీర్చే గ్రంథాలు పెరిగాయి. 1577లో స్పెయిన్ పండితుడు బార్తొలొమే దె మెదీనా, సబబుగా తోచే అభిప్రాయాన్ని అనుసరించవచ్చు, అంతకంటే సబబైనది మరొకటి ఉన్నా సరే అన్నాడు. ఈ వెసులుబాటును సాకుల బజారుగా మార్చారని 1656-57 నాటి లేఖల్లో ఫ్రెంచి రచయిత పాస్కల్ జెసూట్ గురువులను ఎండగట్టాడు. రూలు పుస్తకం కూడా నిర్దోషి చీటీ రాసిచ్చే చోటైపోగలదని అలా తేలింది.

మనస్సాక్షి జెండా ఎత్తినవాళ్లు సైతం దాన్ని రాజును చెయ్యలేదు. 1521లో వర్మ్స్ సభలో సంస్కర్త లూథర్ తన రాతలను వెనక్కి తీసుకోనన్నాడు కానీ, తన మనస్సాక్షి దేవుని వాక్యానికి బందీ అని కారణం చెప్పాడు. 1875లో ఇంగ్లండు కాథలిక్ గురువు న్యూమన్, విందులో పోపుకంటే ముందు మనస్సాక్షి పేరు మీద పాత్ర ఎత్తుతానన్నాడు. అదే రచనలో, ఇష్టమొచ్చినట్టు ఉండే హక్కునే జనం మనస్సాక్షి అంటున్నారని కసురుకున్నాడు. 1965లో రెండో వాటికన్ సభ రెండు కొసలనూ ఒకచోట ముడివేసింది: తెలియక తప్పిన మనస్సాక్షి గౌరవం కోల్పోదు, సత్యాన్ని వెతకని మనిషికి మాత్రం ఆ రక్షణ లేదు. సాక్షి చెప్పింది వినకుండా కోర్టు నడవదు. విన్నాక సాక్షినీ నాలుగు ప్రశ్నలు అడగాలి, నువ్వు నిజంగా చూశావా అని.