కొలిమి దారి, అంగడి దారి

సింగభూమి అడవుల నడుమనున్న సాక్చి గ్రామమును 1907లో టాటావారు ఎన్నుకొనుటకు ముఖ్యకారణము రాకపోకల సౌకర్యమే. గోరుమహిసాని కొండల ఇనుపరాయి, ఝరియా బొగ్గు, సువర్ణరేఖా ఖర్కాయి నదుల నీరు, కాలిమాటి రైలు స్టేషను, ఇవన్నియు అందుబాటున నుండెను. కర్మాగారముతోపాటు తొలి పట్టణమునకు గూడ నమూనా గీసినది పిట్స్‌బర్గునకు చెందిన జూలియన్ కెనడీ, సాలిన్ కంపెనీ. 1919లో ఆ పట్టణమునకు జంషెడ్‌పూరను పేరు కలిగెను.

ఉక్కు కర్మాగారమున దారిని నిర్ణయించునది వేడి. బొగ్గు మొదట కోకు బట్టీలకు పోవలెను. కోకు, ఇనుపరాయి, సున్నపురాయి ఊదుకొలిమిలో పడవలెను. కరగిన ఇనుము చల్లారకమునుపే ఉక్కు కొలిమిని చేరవలెను. ఎఱ్ఱగా కాగిన ఉక్కుదిమ్మ ఆ వేడిమీదనే రోలింగు మిల్లులో పట్టాగనో దూలముగనో సాగవలెను. నడుమ ఆలస్యమైనచో వేడి పోవును. పోయిన వేడిని మరల తెచ్చుటకు మరల బొగ్గు కావలెను. 1911 డిసెంబరున తొలి ఇనుమును, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కును వెలువరించిన కర్మాగారపు అమరిక యంతయు ఈ లెక్కకు లోబడినదే.

అంగడిలో సరకు నిలిచియుండును, మనుష్యుడు కదలును. ఉప్పుకై వచ్చినవాడు చింతపండు బేరమాడి, పిల్లకు గాజులు గూడ కొనిపోవును. కొలిమికడ నష్టమైన చుట్టుదారి అంగడివానికి లాభము. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ తెరచిన పిగ్లీ విగ్లీ దుకాణమున, కొనువాడు ఒక ద్వారమున ప్రవేశించి, అరల నడుమ నేర్పరచిన ఒకే దారిన తిరిగి, వెల చెల్లించి వెలుపలికి రావలసియుండెను. ఇనుపరాయికి పట్టిన గతియే మనుష్యునికిని పట్టినది. కాకున్న రాయికి ఆశ లేదు.

జంషెడ్‌పూరు బజారులకు అట్టి కట్టుబాటు రాలేదు. జనము పెరిగినకొలది పట్టణపు నమూనాను మార్చవలసివచ్చెను. 1919-20 ప్రాంతమున టెంపుల్ దొర నేల వాలును, మురుగు పారుదలను చూచి కొత్త పథకము వేసెను. 1944-45లో ఓటో కోనిగ్స్‌బర్గర్ సిద్ధపరచిన పథకమున నివాసములను పేటలుగ విభజించి, బడి, అంగళ్ళు నడచిపోదగిన దూరమున నుంచవలెనను ఆలోచన ప్రధానమయ్యెను. ఇనుపరాయి రావలసిన దూరమును తొలినాడే కొలిచిన పట్టణమున, చంకబిడ్డతో ఉప్పుకై పోవు ఇల్లాలి నడకకు అంతటి ప్రాధాన్యము లభించుటకు మూడు దశాబ్దములకు పైగా పట్టినది.

ఈలోపల జనము తమ దారులను తామే వేసికొనిరి. పాళీ దిగిన కార్మికుడు ఇంటికి మరలు త్రోవయే బేరమునకు అనువైన త్రోవ. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరమునకు వెళ్ళిన తెలుగు కుటుంబము, దర్శనమైన పిదప బజారు మీదుగా కూరల సంచితో ఇల్లు చేరుట నేటికిని వాడుకయే.