ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక బడుల్లో పరిశోధన ప్రయోగాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడులను బాగుచేసే ప్రయత్నాలు మొదట బోధన పద్ధతి చుట్టూ సాగాయి. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం (ఏపీపీఈపీ) టీచర్లకు ఆరు బోధనా సూత్రాలను అందించింది. పిల్లలు చేసి నేర్చుకోవడం, జట్లుగా పనిచేయడం, ఊళ్లో దొరికే వస్తువులతో పాఠం చెప్పడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం వాటిలోనివే. సస్సెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని మూల్యాంకనం చేశారు.

ఎలా బోధించాలన్న ప్రశ్న 2005లో ఏ సాయం పనిచేస్తుందన్నదిగా మారింది. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఐదు జిల్లాల్లో 50 మండలాలను, మండలానికి పది చొప్పున 500 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ఎంచుకున్నాయి. ఏ బడికి ఏ సాయం అందాలో లాటరీ పద్ధతిలోనే తేల్చారు. వందేసి బడులకు ఒక్కో సాయం చొప్పున అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, నగదు గ్రాంటు, టీచర్లందరికీ ఉమ్మడి బోనస్, ఎవరి ఫలితానికి వారికే బోనస్ దక్కాయి. మిగిలిన వందను పోల్చి చూడటానికి ఉంచారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ ఈ ఫలితాలను విశ్లేషించారు.

బోనస్ లెక్క ఇది: పిల్లల సగటు మార్కుల్లో పెరుగుదల 5 శాతం దాటితే, ఆపై ప్రతి శాతానికి రూ. 500. రెండేళ్లలో బోనస్ బడుల పిల్లలు పోలిక బడుల పిల్లలకన్నా గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ముందున్నారు. బోనస్ లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లోనూ మెరుగయ్యారు. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. బడికి వచ్చిన రోజున హోంవర్కు ఎక్కువ ఇచ్చామని, బడి వేళల తర్వాతా పాఠాలు చెప్పామని, వెనకబడ్డ పిల్లలను ప్రత్యేకంగా పట్టించుకున్నామని టీచర్లు చెప్పారు.

గ్రాంటు కథ వేరు. ఆ డబ్బుతో బడులు నోటుపుస్తకాలు, పలకలు కొన్నాయి. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది డబ్బు వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు. దాంతో మార్కుల్లో లాభం కనిపించలేదు. పేద ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది, ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. ఇక కాంట్రాక్టు టీచర్ల జీతం అప్పట్లో రెగ్యులర్ టీచర్ల జీతంలో ఐదో వంతుకు లోపే ఉండేది. అయినా వారి గైర్హాజరు 18 శాతం, రెగ్యులర్ టీచర్లది 27 శాతం. తక్కువ జీతానికి ఎక్కువ పని చేయించుకోవడాన్ని సంస్కరణ అనవచ్చా అన్నది ఈ అంకెలు తేల్చలేని విషయం.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది మరో ఫలితం. కొన్ని బడులకు బోనస్ ఇవ్వకుండా, తరగతి పిల్లలకు ఏం వచ్చో ఏం రాదో వివరించే నివేదికలు మాత్రమే ఇచ్చారు. పరిశీలకులు వచ్చినప్పుడు టీచర్లు చురుగ్గా బోధించారు, మార్కులు మాత్రం కదల్లేదు. బోనస్ బడులకూ అవే నివేదికలు అందాయి. అక్కడ అవి ఉపయోగపడ్డాయన్న టీచర్ల తరగతుల్లో మార్కులు పెరిగాయి. లోపించింది సమాచారం కాదు, దాన్ని వాడాల్సిన కారణం.

పాఠశాల నిర్వహణ విషయంలో దాదాపు ఇదే తీరు మధ్యప్రదేశ్‌లో బయటపడింది. అక్కడ 1,774 బడుల్లో సమగ్ర తనిఖీలు జరిపి, గ్రేడులిచ్చి, అభివృద్ధి ప్రణాళికలు రాయించారు. తనిఖీలు దాదాపు అన్నిచోట్లా పూర్తయ్యాయి, గ్రేడులూ నమ్మదగినవే. జవాబుదారీతనం మాత్రం మారలేదు. బడి నడకలోనూ పిల్లల చదువులోనూ మార్పు రాలేదని మురళీధరన్, మరో ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ 2020లో తేల్చారు. అప్పటికే ఆ తనిఖీల పథకం దేశంలో 6 లక్షలకు పైగా బడులకు విస్తరించింది.