పాత మోటారు కారు: అడుగుభాగపు అసలు రంగు

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమునందలి 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూచినవారికి మొదట కంటబడునది దాని పైమెరుగే. చూపరులకు అది చాలును. కాని పాత కారును బాగుచేయించి పూర్వరూపమునకు తేదలచిన వారికి చాలదు. పలువురు తలుపులకును మడ్‌గార్డులకును మెరుగుపెట్టించి, అడుగునున్న చట్రమునకును ఇరుసులకును చేతికందిన రంగు పూయించి ఊరకుందురు. వంగి చూచువారెవరని వారి ధీమా. అయితే ఆ కారు పుట్టుపూర్వోత్తరములకు నమ్మదగిన సాక్ష్యము తరచుగా అచ్చటనే దాగియుండును.

ఇందుకు అమెరికాలోని ఫోర్డు కంపెనీవారి ‘టి’ మోడలు మంచి తార్కాణము. 1908 మొదలు 1927 వరకు ఈ కార్లు కోటి యాభై లక్షలకు పైగా తయారైనవి. ఆ కారనిన నల్లనిదే యని లోకప్రతీతి. అందు సగమే నిజము. తొలి సంవత్సరములలో ఎరుపు, బూడిద, ఆకుపచ్చ, పిదప ముదురునీలము రంగులుండెను. నలుపొక్కటే చెల్లినది 1914 నుండి 1925 వరకు. 1926 మోడలుతో రంగులు మరల వచ్చినవి. అయినను అవి బాడీకే పరిమితములై, చట్రమును మడ్‌గార్డులును నల్లగనే నిలిచినవి. కావున అట్టి ఆకుపచ్చ కారునకు అడుగున గూడ ఆకుపచ్చ పూసినచో అందము కలుగవచ్చును గాని యథార్థము చెడును.

నలుపులన్నియు ఒకటి కావు. ఇనుప భాగములను ఆస్ఫాల్టు, అవిసెనూనె కలిసిన నల్లరంగులో ముంచియో, పైన ధారగా పోసియో, వేడి గదులలో కాల్చెడివారు. అందుచేత ఆ పూత గట్టిదై, అంచులయందు జారిన చుక్కలతో నుండును. కొయ్య చక్రములు అంతటి వేడికి తాళజాలవు గనుక వాటి పూత వేరు.

అసలు రంగును కనుగొనుటకు బిగింపు పట్టీల క్రిందను, బోల్టు తలల అడుగునను, ఎండ సోకని మూలలందును వెదకవలెను. ఏండ్లకొలది పేరుకొన్న గ్రీజు ఒక్కొక్కచో రంగును కాపాడియుండును. దానిని మెల్లగా తుడిచి, పూతలను ఒకదాని వెనుక నొకటి పరీక్షింపవలెను. రెండు విషయములందు జాగ్రత్త అవసరము. అన్నిటికంటె లోపలిది తుప్పు రాకుండ వేసిన తొలిపూత కావచ్చును. అదియే కారు రంగని భ్రమపడరాదు. మరియు పాతబడిన వార్నిషు పసుపెక్కుటచే నీలము ఆకుపచ్చగా కానవచ్చును.

ఇసుకను వేగముగా చిమ్మి తుప్పు వదలించు పద్ధతి నేడు సులభమైనదే. కాని నూరేండ్లు నిలిచిన ఆనవాలు దానిచే నిమిషములలో మాయమగును. మరల దానిని తేగలవారు లేరు. కాబట్టి పనికి ముందే ఫోటోలు తీసి, ఏ భాగమున ఏ రంగు దొరకినదో వ్రాసియుంచి, చిన్న తునకనైనను అసలు పూతతో విడిచిపెట్టుట మేలు. దస్త్రమునకు శుభ్రప్రతి వ్రాయు గుమాస్తా మూలప్రతిని చించివేయడు గదా! కారు విషయమునను న్యాయమదియే.