క్షామ నిబంధనావళి: ఒక పరిపాలనా పాఠము

ఇల్లు అంటుకొన్న పిమ్మట నుయ్యి త్రవ్వుట తగదని తెలుగు సామెత. గృహస్థునకు చెప్పబడిన ఈ నీతి ప్రభుత్వమునకును వర్తించును. భారతదేశమున ప్రభుత్వయంత్రాంగము దీనిని గ్రంథస్థము చేయుటకు దాదాపు ఏబది సంవత్సరములు పట్టినది. అందుకు చెల్లింపబడిన మూల్యము లక్షలాది ప్రజల ప్రాణములు.

నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు మండలము ఘోరక్షామమునకు లోనయ్యెను. సుమారు ఐదులక్షల జనాభాలో ఒకటిన్నర మొదలు రెండులక్షల మంది మరణించిరని అంచనా. కరువు వచ్చినదని నిర్ణయించుట ఎవరి విధి? పనులెక్కడ ప్రారంభింపవలెను? కూలి యెంత? నడువలేని వృద్ధులను ఎవరు పోషింపవలెను? ఈ ప్రశ్నలకు నాడు వ్రాతపూర్వకమైన సమాధానము లేకుండెను. అటు తరువాత 1852లో గోదావరి ఆనకట్టయు, 1855లో కృష్ణ ఆనకట్టయు పూర్తియై డెల్టాలకు నీరు లభించినది. కాని వర్షమునే నమ్ముకొన్న సీమలకు ఆ రక్షణ లేదు; అధికారులకు మార్గదర్శకమైన క్రమమును ఏర్పడలేదు.

క్రమము లేనిచోట నిర్ణయములు వ్యక్తులను బట్టియు, ఖజానాను బట్టియు మారుచుండును. ఇందుకు సర్ రిచర్డ్ టెంపుల్ చరిత్రయే నిదర్శనము. 1873-74లో బీహారున కరువు వచ్చినపుడు ఆయన బర్మా నుండి బియ్యమును తెప్పించి, మరణములు మిక్కిలి స్వల్పముగా నుండునట్లు చూచెను. అందుకు ప్రతిఫలముగా దుబారా చేసెనను నింద పొందెను. 1877లో ధాత కరువు మద్రాసు రాజధానిని పీడించుచుండగా, వైస్రాయి లిట్టన్ ఆయననే ప్రతినిధిగా పంపెను. ఈసారి ఆయన పొదుపునే ప్రధానముగా గైకొని, కూలివాని దినవేతనమును ఒక పౌను ధాన్యమునకును కొద్దిపాటి పైకమునకును తగ్గించెను. అది దేహధారణకు చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు కూలి పెంచబడినది. అప్పటికే బళ్లారి, కర్నూలు, కడప మండలములు మిక్కిలి నష్టపోయినవి.

ఈ అనుభవము నుండి 1878లో సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన క్షామ సంఘము వెలసినది. 1880లో నివేదిక వచ్చినది. సంఘ కార్యదర్శి చార్లెస్ ఇలియట్ నిబంధనావళి చిత్తుప్రతిని సిద్ధపరచెను. 1883లో భారత ప్రభుత్వము దానిని రాష్ట్రములకు నమూనాగా పంపెను.

అందలి ప్రణాళిక సుబోధకము. సుభిక్షకాలముననే ప్రతి జిల్లాకును చేపట్టదగిన పనుల జాబితా సిద్ధముగా నుండవలెను. ధాన్యపు ధరల పెరుగుదల, అప్పు పుట్టకపోవుట, జనులు ఊళ్లు విడిచిపోవుట, చిల్లర దొంగతనములు హెచ్చుట మున్నగు సూచనలను అధికారులు కనిపెట్టుచుండవలెను. అనుమానము కలిగినచోట పరీక్షార్థము పనులు తెరువవలెను. జనులు విశేషముగా వచ్చినచో కరువు నిజమని గ్రహింపవలెను. క్షామము ప్రకటింపబడగనే పని చేయగలవారికి పనియు, చేయలేనివారికి ఉచిత సహాయమును ఈయవలెను. గ్రామోద్యోగి మొదలు కలెక్టరు వరకు ఎవరి బాధ్యత వారికి నిర్ణయింపబడెను. శతాబ్దాంతమున వచ్చిన రెండు మహాక్షామములలో ఇందలి లోపములు బయటపడగా, 1898, 1901 సంవత్సరముల సంఘములు సవరణలు సూచించెను.

అయినను 1943లో బెంగాలున ఈ గ్రంథము బీరువాలోనే ఉండిపోయినది. ప్రభుత్వము క్షామమును ప్రకటింపలేదు. నిబంధనావళి ప్రకారము ఈయవలసిన తిండి తమవద్ద లేనందుననే దానిని అమలుపరచలేదని నాటి తాత్కాలిక గవర్నరు రూథర్‌ఫర్డ్ వైస్రాయికి తెలిపెను. మృతులు పదునైదు లక్షలని విచారణ సంఘము లెక్కింపగా, ముప్పది లక్షల వరకు ఉందురని తరువాతి పరిశోధకుల అంచనా. ప్రకటన చేసినచో బాధ్యత మీదపడును. చేయకున్నచో ఆకలి ఆగదు. ఆపదకు పేరు పెట్టుటకు వెనుదీయు యంత్రాంగమును ఏ నిబంధనయు నడిపింపజాలదు.

కరువునకే కాక తుపానునకును ఇదియే నీతి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకు సుమారు పదివేల మంది బలియైరి. 1990 మే నెలలో మరియొక ప్రచండమైన తుపాను కృష్ణా తీరమును తాకినది. కాని ఈసారి హెచ్చరిక అందగనే అధికారులు లక్షలాది ప్రజలను ముందుగనే తరలించిరి. మృతుల సంఖ్య వేయి లోపుననే నిలిచినది. 2005లో పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టమును చేసి, జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో ప్రణాళికలను విధిగా చేసినది.

ప్రణాళిక వ్రాయుట కార్యములో సగము మాత్రమే. తొలి సూచన కనబడినప్పుడు దానిని పైకి నివేదించు చిన్న ఉద్యోగియు, ఆ నివేదికను నమ్మి ఖర్చుకు వెనుదీయక ఉత్తరువు చేయు పెద్ద ఉద్యోగియు ఉన్నప్పుడే రెండవ సగము నెరవేరును.