కుర్చీతో పాటు కొట్టంతా

మల్కాజ్‌గిరి గేటు దగ్గర గూడ్సు బండి పోతుంటే కంటైనర్లు లెక్కపెట్టడం నాకు అలవాటు. ఈ పెట్టెలు మొదట ఓడెక్కింది 1956 ఏప్రిల్‌లో. మాల్కమ్ మెక్‌లీన్ ఓడ ‘ఐడియల్ ఎక్స్’ 58 పెట్టెలతో నెవార్క్ నుంచి హ్యూస్టన్ వెళ్ళింది. 2013లో సాలమన్ హైక్స్ బయటికి చూపించిన డాకర్ ఆ పోలికనే అరువు తెచ్చుకుంది. డాకర్ అంటే రేవు కూలీ. కంటైనర్లొచ్చాక ముందు పని పోయింది వాళ్ళకే, పేరు మాత్రం మిగిలింది.

సరే, పెట్టె దొరికింది. అందులో ఏం పెట్టాలి? గో, రస్ట్ లాంటి భాషల్లో కంపైలర్ పని బిల్డ్‌తోనే అయిపోతుంది. అయినా మేం కంపైలరూ సోర్సూ అన్నీ కలిపే పంపేవాళ్ళం, కుర్చీ అడిగితే వడ్రంగి కొట్టంతా లారీ ఎక్కించినట్టు. ఒళ్ళొంచగలిగినవాళ్ళు రెండు డాకర్‌ఫైళ్ళు రాసి, మధ్యలో షెల్ స్క్రిప్టుతో బైనరీని మోసుకొచ్చేవాళ్ళు. 2017లో డాకర్ 17.05 మల్టీ-స్టేజ్ బిల్డ్ తెచ్చింది: ఒకే ఫైల్లో, ఒక ఇమేజ్‌లో కట్టి ఇంకోదాంట్లోకి కాపీ చేసుకోవచ్చు. ఇంతమాత్రానికి నాలుగేళ్ళు! డాకర్‌ని రాసింది కూడా గోలోనే మరి.

నేనూ ఉత్సాహంగా నా గో బైనరీని ‘స్క్రాచ్’ అనే ఖాళీ ఇమేజ్‌లో పెట్టాను. అలాంటి ఫైలే లేదంది. ఫైల్ కళ్ళెదురుగానే ఉంది! ఒక రాత్రంతా పోయాక తెలిసింది, లేనిది నా ఫైల్ కాదు, దాన్ని లోడ్ చేయాల్సిన డైనమిక్ లింకర్ అని. సీ లైబ్రరీతో లంకె తెంపి స్టాటిక్‌గా కడితే నడిచింది. వెంటనే హెచ్‌టీటీపీఎస్ దగ్గర ఆగింది. సర్టిఫికెట్లు కూడా ఇన్నాళ్ళూ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టినవేనట. వాటినీ కాపీ చేశాను. టైమ్‌జోన్ సంగతి మర్నాడు బయటపడింది.