సలహా ఇవ్వని వైద్యం

ఒంట్లో బాగాలేకపోతే మన గిరావీన్‌కు వెస్ట్‌మీడ్ ఆసుపత్రి దగ్గరే. మనసు బాగాలేకపోతే మాత్రం మనవాళ్ళు వెళ్ళేది ఇంకో తెలుగువారింటికి. అక్కడ కాఫీతో పాటు సలహా దొరుకుతుంది, అడక్కపోయినా సరే. సలహా మానుకోవడమే వైద్యమన్న పెద్దమనిషి ఒకరున్నారు.

కార్ల్ రోజర్స్ (1902–1987) 1928 నుంచి పన్నెండేళ్ళు అమెరికాలోని రోచెస్టర్‌లో చిక్కుల్లో పడ్డ పిల్లల మధ్య పనిచేశారు. ఒక అల్లరి పిల్లవాడి తల్లి వచ్చేది. ఆవిడకు బిడ్డ మీద మొదట్నుంచీ మనసు లేకపోవడమే మూలమని ఆయన తేల్చుకున్నారు. ఎన్నోసార్లు కూర్చోబెట్టి, మెల్లగా ఆ సంగతి ఆవిడ చేతే ఒప్పించాలని చూశారు. కాలేదు. ఇక ఆపేద్దామన్నారు. ఆవిడ సరేనని గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్ళను కూడా చూస్తారా అని అడిగింది. చూస్తామన్నారు. మళ్ళీ కుర్చీలో కూర్చుని తన కాపురం, భర్తతో పొసగకపోవడం, తాను ఓడిపోయానన్న దిగులు, అన్నీ వెళ్ళబోసుకుంది. నొప్పెక్కడో తెలిసింది ఆవిడకే గాని ఎదుట కూర్చున్న నిపుణుడికి కాదన్నమాట! ఆ తరువాత ఆయన వెంట నడిచారు, అంతే. ఆ కేసు బాగుపడింది.

1940 డిసెంబరు 11న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతి గురించి ఉపన్యసిస్తే దుమారం రేగింది. 1942 నాటి పుస్తకంలో ‘రోగి’ పోయి ‘క్లయింటు’ వచ్చాడు. వకీలు దగ్గరకు వెళ్ళేవాడిలా ఉందని నవ్వుకోవచ్చు గాని, అందులో మర్యాద ఉంది. హెర్బర్ట్ బ్రయన్ అనే మారుపేరుతో ఒకరి ఎనిమిది సంభాషణలను రికార్డుల నుంచి మాటకు మాట అందులోనే అచ్చువేశారు. 1957లో, వినేవాడికి కావలసినవి మూడన్నారు: నటన లేకపోవడం, షరతు లేని ఆదరణ, ఎదుటివారి కళ్ళతో చూడగలగడం. ఇవి ఉంటే చాలన్నది నాకు కొంత అతిశయోక్తిగానే తోస్తుంది.

పైగా మన ఇళ్ళలో ‘నీ ఇష్టం’ అంటే కోపగించుకుని చేతులు దులుపుకోవడం. రోజర్స్‌గారి ‘నీ ఇష్టం’లో మనిషి పక్కనే ఉంటాడు. మనకు కష్టమైనది అదే.

సిడ్నీలో ఇటువంటి వినికిడి మామూలు మనుషుల చేతికి వచ్చింది 1963లో. మెథడిస్టు మతాచార్యులు అలన్ వాకర్ తర్ఫీదు పొందిన స్వచ్ఛంద సేవకులతో లైఫ్‌లైన్ టెలిఫోను సేవ ప్రారంభించారు. 1973లో ప్రభుత్వం టెలిఫోను దుభాషీల సేవ మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఏడవలేని అత్తగార్లకు, మామగార్లకు ఈ రెండోది ముఖ్యం. కొడుకును దుభాషీగా పెట్టుకుంటే కోడలి సంగతి ఎలా చెబుతారు? 131 450కు ఫోన్ చేసి, తెలుగు దుభాషీ కావాలని, లైఫ్‌లైన్ 13 11 14కు కలపమని అడగవచ్చు.